నెయ్యి వడ్డిస్తూ చెప్పిన మాట

పొక్లెయిన్ వచ్చి గట్టుచేను మొదట్లో నిలబడింది.

ఈ కబురు పాలకేంద్రానికి వెళ్ళొచ్చిన అచ్చాయమ్మ తెచ్చింది. తేవడం కూడా మామూలుగా తేలేదు. ఖాళీ పాలకేను వీధరుగు మీద ధడాలున పడేసి మరీ తెచ్చింది. ఆ చప్పుడుకి కొబ్బరిచెట్ల మీద కాకులు లేచి, రావులపాలెం అరటి మార్కెట్టు దాకా వెళ్ళి గానీ వాలలేదని తర్వాత వీధిలో చెప్పుకున్నారు.

"ఏవండీ! పసుపుపచ్చగా ఏనుగంత ఉందది. తొండం దించితే మన గట్టే. మా దొరబాబుకి మీరు ఔనన్నారా, కాదన్నారా?"

బుల్లిరాజు కాఫీ గ్లాసులోకి చూశాడు. సమాధానం అడుగున ఉందేమోనని చూసినట్టు చూశాడు.

"ఔనని నేనెక్కడన్నానే?"

"అయితే కాదన్నారా?"

"మొహమ్మీద కాదని ఎలా అంటాం? మీ అన్నయ్య కొడుకాయె."

"మరి ఏవన్నారు?"

"చూద్దాంలే అన్నాను."

అచ్చాయమ్మ అరుగు మీద కూలబడింది. ఆవిడ కాపురమంతా ఆ 'చూద్దాంలే' చుట్టూనే తిరిగింది.

బుల్లిరాజు చెడ్డవాడు కాదు. ఆ మాట ఊరంతా ఒప్పుకుంటుంది. కాకపోతే ఆయన నోట్లోంచి ఔను గానీ, కాదు గానీ ఊడిపడగా చూసినవాళ్ళు లేరు. పుట్టినప్పుడు కూడా వెంటనే ఏడవలేదట. ఏడిస్తే మంత్రసానికి ఇబ్బందేమోనని చుట్టూ ఒకసారి చూసి, అప్పుడు కొద్దిగా మూలిగాడట.

వయసులో ఉన్నప్పుడు క్షవరానికి కూర్చుంటే, చిట్టియ్య "ఇంకాస్త తియ్యమంటారాండీ?" అని అడిగాడు. "నీ ఇష్టం చిట్టియ్యా" అన్నాడు బుల్లిరాజు. చిట్టియ్య మళ్ళీ అడిగాడు, ఈయన మళ్ళీ అదే అన్నాడు. అలా అనుకుంటూ అనుకుంటూ ఇద్దరూ కలిసి గుండు దగ్గరికి వచ్చి ఆగారు. ఆ గుండు చూసి వీధిలోవాళ్ళు బుల్లిరాజు తండ్రి పోయాడనుకున్నారు. ఆడవాళ్ళు వచ్చి శోకాలు మొదలెట్టారు. పనులు మానుకుని వచ్చిన మనుషుల్ని కాదనడం బావుండదని "ఏం చేస్తాం లెండి, అలా జరిగింది" అన్నాడు బుల్లిరాజు. లోపల కునుకు తీస్తున్న తండ్రి ఆ ఏడుపులకి లేచి, పొట్ట గోక్కుంటూ బయటికొచ్చి, "ఎవరు పోయార్రా?" అనడిగాడు.

ఆయనకి కూడా బుల్లిరాజు వెంటనే చెప్పలేకపోయాడు.

ఆ రోజుల్లో పోయింది జుట్టే కాబట్టి మళ్ళీ మొలిచింది. ఇప్పుడు సంగతి వేరు. ఆ వరసలో చేలన్నీ దొరబాబు కౌలుకి తీసుకుని రొయ్యల చెరువులు చేస్తున్నాడు. మధ్యలో మిగిలింది గట్టుచేనొక్కటే. ఆ గట్టు ఉన్నంతకాలం చెరువుల ఉప్పునీరు దిగువకి దిగదు. గట్టు తెగిందా, దిగువనున్న యెహెజ్కేలు చేను చౌడుబారిపోతుంది. ఇక అందులో వరి కాదు గదా, గడ్డి కూడా ఆలోచించి మొలుస్తుంది.

అనుకుంటుండగానే యెహెజ్కేలు మోపెడ్ వీధిలో ఆగింది. దిగి, తలగుడ్డ విప్పి అరుగు మీద దుమ్ము దులిపి, బుల్లిరాజు పక్కనే కూర్చున్నాడు.

"బుల్లిరాజుగారూ, ఎక్కువ మాటలొద్దండి. ఒకటే. ఆకుమడిలో నారు ముదిరిపోతంది. తీసి ఊడ్పించమంటారా, వద్దంటారా?"

"ముందు కాఫీ తాగు యెహెజ్కేలూ."

"తాగుతానండి. మాట చెప్పండి."

"అంటే, ఇప్పుడు, పరిస్థితులు ఎలా ఉన్నాయంటే..."

"పరిస్థితులు చూసే వచ్చేనండి. పసుపుపచ్చగా ఉన్నాయి."

బుల్లిరాజు భుజం మీద కండువా తీసి మడతపెట్టాడు. మడత విప్పాడు. మళ్ళీ పెట్టాడు.

"చూద్దాంలే. దేవుడున్నాడు."

"మీ దేవుడూ ఉన్నాడు, నా దేవుడూ ఉన్నాడండి. వాళ్ళిద్దరూ ఎప్పుడో చూసేశారు. మీరే ఇంకా చూస్తన్నారు." యెహెజ్కేలు గొంతు పెంచలేదు. "ఎండాకాలంలో ఇదే అరుగు మీద అడిగేను. చూద్దాంలే అన్నారు. మంచి మనిషి, గట్టు తెగనియ్యడని విత్తనం జల్లేను. దొరబాబుగారు కూడా ఆ చూద్దాంలే నమ్ముకునే మిషను తెచ్చుకున్నారు. ఇద్దరం నమ్మేం. మా ఇద్దరిలో వెర్రోడెవరో అదన్నా చెప్పండి."

అచ్చాయమ్మ కాఫీ తెచ్చిచ్చింది. అతను తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"సాయంత్రం దాకా చూస్తానండి" అని లేచాడు యెహెజ్కేలు. "మీరు చూసినట్టు కాదు. మామూలుగా చూస్తాను."

మోపెడ్ మలుపు తిరిగింది. బుల్లిరాజు ఖాళీ గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయాడు. కసరినా బాగుండేది. తిట్టినవాళ్ళకి నచ్చజెప్పడం ఆయనకి బాగా వచ్చు. కాఫీ తాగి వెళ్ళిపోయినవాడికి ఏం చెప్పాలి?

వంటింట్లో కత్తిపీట ముందు కోడలు శ్రీదుర్గ కూర్చుని ఉంది. కొవ్వూరు పిల్ల. కాపురానికొచ్చిన మొదటిరోజు అత్తగారు వడ్డించిన కూర నోట్లో పెట్టుకుని, "ఉప్పెక్కువైందండి అత్తయ్యగారూ" అంది. ఆ మాట గోదారి దాటి వెళ్ళి, మళ్ళీ తిరిగొచ్చే సరికి, కోడలు కూర తీసి వీధిలో పారబోసిందన్నంత అయింది.

నిజానికి ఆ ఇంట్లో ఉప్పెక్కువ కావడం కొత్త కాదు. బుల్లిరాజు పెళ్ళైన నాటి నుంచీ ఎక్కువే. ఆ సంగతి చెప్పలేక ఆయన చెంబులకి చెంబులు నీళ్ళు తాగుతూ సంసారం ఈదుకొచ్చాడు. ఆ తాగుడికి పెరట్లో నూతినీరు ఏటా ఒక వర దిగిపోయేదట. కోడలు ఆ ఒక్క మాట అన్నాక కూరలో ఉప్పు తగ్గింది, నూతిలో నీరు పెరిగింది. ఆ రోజు నుంచీ కోడలంటే బుల్లిరాజుకి లోలోపల భక్తి. పైకి చెప్పలేదనుకోండి. అది మామూలే.

ఆయన వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా శ్రీదుర్గా. మధ్యాహ్నం దొరబాబు భోజనానికొస్తాడు."

"తెలుసండి మావయ్యగారూ. విస్తరి ముందు కూర్చుంటే మీరు కాదనలేరని ఆ అన్నయ్యగారికి తెలుసు. అందుకే ఎప్పుడొచ్చినా అన్నం వేళకే వస్తారు."

"తింటున్నవాడితో కాదని ఎలా చెప్పడమమ్మా? మా ఇంటా వంటా లేదు. మా తాతగారి మీద దావా వేసినాయన ఓసారి మన వీధిలో వెళ్తుంటే, పిలిచి కూర్చోబెట్టి భోజనం పెట్టారు. ఆయన పెరుగన్నంలోకొచ్చేసరికి తాతగారు దావా ఒప్పేసుకున్నారు."

శ్రీదుర్గకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి బుల్లిరాజుకి ధైర్యం వచ్చింది.

"నువ్వొక సాయం చెయ్యి. నేను ఊళ్ళో లేననేసెయ్యి. ద్రాక్షారామం వెళ్ళాననెయ్యి. దేవుడి పని కాబట్టి పాపం కూడా ఉండదు."

"ఉన్న మనిషిని లేరని చెప్పలేనండి."

"పోనీ ఒంట్లో బాగోలేదను."

"పొద్దున్న ఆరు ఇడ్లీలు తిన్నారండి."

ఆమె వంకాయ పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని లేచింది.

"మావయ్యగారూ, దొరబాబన్నయ్యగారి సంగతి పక్కన పెట్టండి. యెహెజ్కేలుగారి సంగతీ పక్కన పెట్టండి. నాకు చెప్పండి. ఆ చేను ఇవ్వడం మీకిష్టమా?"

బుల్లిరాజు అటూ ఇటూ చూశాడు. వంటింట్లో సాయానికి వచ్చేవాళ్ళెవరూ కనపడలేదు.

"ఇష్టం లేదేమోనమ్మా."

"ఆ 'ఏమో' తీసేసి చెప్పండి."

కుక్కరు కూత వేసింది. అది ఆగేదాకా ఆమె అలాగే చూస్తూ నిలబడింది.

"ఇష్టం లేదు" అన్నాడు బుల్లిరాజు.

"ఎందుకండి?"

"ఉప్పు దిగిన నేల మళ్ళీ తేరుకోదు. నా చేను పోతే నా ఖర్మ అనుకుంటాను. యెహెజ్కేలు చేను నా గట్టుని నమ్ముకుని ఉంది."

అనేసి గభాలున వెనక్కి తిరిగి చూశాడు, ఆ మాట అన్నది వెనకాల ఇంకెవరో అయినట్టు.

"ఇంత చక్కగా చెప్పారు కదండీ. ఇదే ఆయనతోనూ చెప్పండి."

"ఇంటికొచ్చిన మనిషితో... మర్యాద కాదేమో."

"నారు ముదిరిపోతున్న మనిషికి కాఫీ ఇచ్చి పంపెయ్యడం మర్యాదండి?"

కోపంగా అడగలేదామె. కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా అడిగింది.

బుల్లిరాజు పెరట్లోకి వెళ్ళాడు. కొట్టంలో గేదె ఎదుట నిలబడి, కండువా సర్దుకుని, "ఇవ్వను" అన్నాడు. గొంతు పలచగా వచ్చింది. "ఇవ్వను" అని మళ్ళీ అన్నాడు. గేదె నెమరు ఆపి ఆయన వైపు చూసింది. అది ఆ మాట ఎలా అర్థం చేసుకుందో గానీ, రెండు రోజులపాటు చుక్క పాలివ్వలేదని అచ్చాయమ్మ ఇప్పటికీ చెబుతుంది.

దొరబాబు రానే వచ్చాడు. బులెట్ దిగుతూనే పూతరేకుల పెట్టె అచ్చాయమ్మ చేతిలో పెట్టాడు.

"అత్తా, నీ చేతి పులుసు వాసన వంతెన దిగుతుంటేనే తగిలింది. బండి దానంతటదే ఇటు తిరిగిపోయింది."

తెల్లచొక్కా, నవ్వుమొహం. మనిషి దుర్మార్గుడేం కాదు. ఎదుటివాళ్ళు నోరు తెరిచి కాదననంతకాలం ఔననే అనుకుంటాడు, అంతే. ఈ మర్యాదస్తుల నేలలో ఆ ఒక్క గుణంతో అతను ఊరి పొడుగునా చెరువులు తవ్వుకుంటూ వచ్చాడు.

విస్తళ్ళు పడ్డాయి. బుల్లిరాజు, పక్కన కొడుకు మురళీకృష్ణ, ఎదురుగా దొరబాబు. మురళీకృష్ణకి సెంటర్లో ఎరువుల కొట్టుంది. తండ్రికి తగ్గ కొడుకు. పురుగుకి ఏ మందు కొట్టమంటారని రైతు అడిగితే "అన్నీ మంచివేనండి" అంటాడు. రైతే కాదు, పురుగు అడిగినా ఆ మాటే చెబుతాడు.

ముద్దపప్పు వచ్చింది. కొత్తావకాయ వచ్చింది. గుత్తివంకాయ, పనసపొట్టు కూర, ఏటి రొయ్యల ఇగురు వచ్చాయి. అచ్చాయమ్మ పులుసు గిన్నెతో వెనకాల నిలబడింది. దొరబాబు అన్నం కలుపుతూ మొదలెట్టాడు.

"రేపు మంచిరోజు మావయ్యా. నువ్వొచ్చి కొబ్బరికాయ కొడితే చాలు. గట్టు దగ్గరే మొదలెడదాం."

"ఇంకాస్త పప్పు వేసుకో దొరబాబూ" అన్నాడు బుల్లిరాజు.

"వేసుకుంటాను. కాయ నువ్వే కొట్టాలి మరి."

"ఆవకాయ బాగుందా?"

"అద్భుతం. అయితే పొద్దున్న ఏడింటికి..."

"వంకాయ వేడిగా ఉంది చూడు."

దొరబాబు వంకాయ తిన్నాడు. పనసపొట్టు తిన్నాడు. ముద్ద ముద్దకీ గట్టు కొంచెం కొంచెం తెగుతున్నట్టే ఉంది. బుల్లిరాజు కలిపిన అన్నమే మళ్ళీ కలుపుతున్నాడు. గేదె దగ్గర పలికిన మాట పెదాల వెనక దాకా వచ్చి, అక్కడ చతికిలబడింది.

శ్రీదుర్గ నెయ్యిగిన్నె పట్టుకుని వచ్చింది. దొరబాబు విస్తరి ముందు వంగి, గరిటె నిండా ముంచి, పప్పన్నం మీద ధారగా పోసింది.

"చాలు చాలు చెల్లెమ్మా."

"నెయ్యి దగ్గర మొహమాటపడకండి అన్నయ్యగారూ. గట్టుచేను మేం ఇవ్వమండి. ఇంకో గరిటె వేయించుకోండి."

అచ్చాయమ్మ చేతిలో పులుసు గిన్నె ఒరిగింది. మురళీకృష్ణ ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. దొరబాబు మాత్రం నవ్వేశాడు.

"చెల్లెమ్మకి వేళాకోళం ఎక్కువ."

"వేళాకోళం కాదండి. గట్టు తెగితే కింద యెహెజ్కేలుగారి చేను చౌడైపోతుంది. అందుకని ఇవ్వం. రొయ్యలు ఏటివే. అత్తయ్యగారు మీకోసమే తెప్పించారు, వదిలెయ్యకండి."

ఇగురు కూడా వడ్డించింది. చూపు దించలేదు. మాటలో కారం లేదు, వడ్డనలో లోటు లేదు. బుల్లిరాజు నోరు తెరుచుకుని చూశాడు. ఇన్నేళ్ళూ నెయ్యి పోసిన చేత్తో కాదనకూడదనుకున్నాడు. ఈ పిల్ల అదే చేత్తో రెండూ చేసింది. నెయ్యి నెయ్యిలాగే ఉంది, మాట మాటలాగే ఉంది. ఇల్లు కూలలేదు.

"పిల్లా! మా పుట్టింటివాడు అన్నం తింటుంటే ఏంటే ఆ మాటలు?" అంది అచ్చాయమ్మ.

"తినేసి వెళ్ళాక చాటున అంటే తప్పండి అత్తయ్యగారూ. ఎదుటే అన్నాను."

దొరబాబు నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది. విస్తరి మీంచి చెయ్యి తీసి వెనక్కి జరిగాడు.

"సరే. పాసు పుస్తకం మావయ్య పేరున ఉంది. మావయ్యనే అనమను. నీ నోటితో చెప్పు మావయ్యా. ఔనా, కాదా?"

అందరూ బుల్లిరాజు వైపు చూశారు.

"అంటే దొరబాబూ... నేననేదేంటంటే... ఒకవేళ... అమ్మాయి చెప్పినదాంట్లో కూడా..."

ఆగాడు. కోడలి వైపు చూశాడు. అందుకుంటుందనుకున్నాడు. ఆమె అందుకోలేదు. నెయ్యిగిన్నె పట్టుకుని మెదలకుండా నిలబడింది. తనకి చెప్పవలసింది చెప్పేసింది. ఇక మిగిలింది ఆయన వాటా.

బయట ఎవరిదో సైకిలు గంట మోగింది. విస్తరి మీద ఈగ వాలింది. దాన్నెవరూ తోలలేదు.

బుల్లిరాజు ఎడంచేత్తో పెరుగు గిన్నె దొరబాబు ముందుకి జరిపాడు.

"పెరుగు వేసుకో నాన్నా. చేను ఇవ్వను."

గొంతు ఈసారి పలచగా రాలేదు. గోడ మీద బల్లి కూడా కదలడం మానేసింది. దొరబాబు ఆయన్ని అలా చూస్తూ చూస్తూ, చివరికి పెరుగు వేసుకున్నాడు. కలుపుకున్నాడు. పూర్తిగా తిన్నాడు.

"నిజం చెప్పనా మావయ్యా? ఈ తిరుగుళ్ళల్లో ఇంత కమ్మగా కాదనిపించుకున్నది ఇక్కడే. మొదటిరోజే ఈ ముక్క అనుంటే మిషను తెచ్చేవాణ్ణి కాదు." మూతి తుడుచుకున్నాడు. "కానీ ఒక్కటుంది. నేను నీ చూద్దాంలే ఒక్కటీ పట్టుకుని రాలేదు. మురళీ బావ ఫోన్ చేసి, నాన్న ఒప్పేసుకున్నారు, మిషను పంపించెయ్యమన్నాడు. చెరువులకి మేతా, మందులూ తన కొట్లోనే కొనాలన్నాడు."

ఇప్పుడందరూ మురళీకృష్ణ వైపు తిరిగారు. అతను విస్తరిలో లేని మెతుకులు ఏరుకుంటున్నాడు.

"నువ్వన్నావుట్రా?" అంది అచ్చాయమ్మ.

"అంటే... నాన్నెలాగూ కాదనరు కదా అని..."

శ్రీదుర్గ నెయ్యిగిన్నె కింద పెట్టింది.

"ఏవండీ, మీకు చెరువులు కావాలా?"

"నాకేముంది? అందరూ ఎలా అంటే... చూద్దాంలే."

బుల్లిరాజు ఉలిక్కిపడ్డాడు. ఆ మాట బయటి నుంచి వినడం ఆయనకదే మొదటిసారి. గొంతు కొడుకుదే గానీ, ఆ ఊపు, ఆ నసుగుడు, ఆ చూపు తిప్పుకోవడం అన్నీ తనవే. ఇంత చేదుగా ఉంటుందని ఇన్నేళ్ళూ తనకెవరూ చెప్పలేదు. చెప్పడానికి తను ఎవరికీ సందివ్వలేదు.

మురళీకృష్ణ లేచి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

దొరబాబు అరుగు మీద కూర్చుని కిళ్ళీ వేసుకుంటుంటే, బుల్లిరాజు జేబులోంచి ఫోన్ తీశాడు. కోడలు నంబరు నొక్కి ఇచ్చింది.

"యెహెజ్కేలూ. బుల్లిరాజుని. నారు తీయించు."

అవతల నుంచి "మీరేనాండీ మాట్లాడేది?" అని వినిపించింది.

"నేనే. ఇవ్వనని చెప్పేశాను. నారు తీయించు."

ఫోన్ మళ్ళీ జేబులో వేసుకున్నాడు. శ్రీదుర్గ కళ్ళలో కొవ్వూరు గట్టు మీద దీపాలన్నీ వెలిగినట్టుంది. బుల్లిరాజుకి ఛాతీ కొంచెం వెడల్పైంది. చొక్కా గుండీ ఒకటి ఊడిపోయిందంటారు గానీ, అంత లేదు.

అప్పుడు వినబడింది, ఊరి చివర చేల వైపు నుంచి. పెద్ద ఇంజను ఒకటి దగ్గి, దగ్గి, అందుకుంది.

దొరబాబు కిళ్ళీ ఉమ్మేసి లేచి డ్రైవరుకి ఫోన్ కొట్టాడు. ఆ హోరులో అవతల ఎత్తలేదు. "ఒట్టు మావయ్యా, నేను స్టార్ట్ చెయ్యమన్లేదు. మా డ్రైవరు నా మాట మీద తిప్పాలి తాళం, లేకపోతే..."

"లేకపోతే?" అంది శ్రీదుర్గ.

"బావ మాట మీద. చేను దగ్గర బావ చెప్పినట్టు చెయ్యమని వాడికి నేనే చెప్పి పంపాను."

శ్రీదుర్గ పెరట్లోకి చూసింది. నూతి దగ్గర చెంబు పడి ఉంది. పక్కసందులో మురళీకృష్ణ మోటారు సైకిలు ఉండవలసిన చోట నూనె మరక ఒకటే ఉంది.

బుల్లిరాజు చెప్పులు కూడా తొడుక్కోలేదు. నడిఎండలో వీధి మధ్యకి దిగాడు. ఎదురింటి అప్పాయమ్మ గుమ్మంలోంచి పలకరించింది.

"అయ్యో, ఈ ఎండలో ఎక్కడికండీ బుల్లిరాజుగారూ?"

రోజూ అయితే 'ఇలా ఊరికేనండి' అంటాడు. ఈసారి ఆగకుండానే చెప్పాడు.

"నా కొడుకుతో కాదని చెప్పడానికి."

అప్పాయమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. చేల వైపు నుంచి ఇంజను చప్పుడు మారింది. ఇనుప చెయ్యి మట్టిలోకి దిగిన చప్పుడు. బుల్లిరాజు పరుగు అందుకున్నాడు.